మెట్రోలో గుండె దడ: 4 నెలల కౌన్సెలింగ్‌తో తగ్గకపోతే

మీ తమ్ముడికి మెట్రో ఎక్కగానే గుండె దడ, ఊపిరాడకపోవడం. 4 నెలలుగా కౌన్సెలింగ్‌కి వెళ్తున్నా మార్పు లేదన్నారు. లోపం అతనిలో ఉందనుకోకండి. ఊరడించడం వేరు, పానిక్ డిజార్డర్‌కి (ఉన్నట్టుండి ఇలా భయం, దడ ముంచెత్తే సమస్య) చికిత్స చేయడం వేరు.

ముందు ఆ కౌన్సెలర్ శిక్షణ చూడండి. క్లినికల్ సైకాలజిస్టుకి ఎం.ఏ. సైకాలజీ ఒక్కటే చాలదు. ఆపైన ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తించిన, సీనియర్ల పర్యవేక్షణలో రోగుల్ని చూసే 2 ఏళ్ల ఎం.ఫిల్ లాంటి కోర్సు ఉండాలి. సీఆర్‌ఆర్ నంబర్ (ఆర్‌సీఐ రిజిస్టర్‌లో నమోదు నంబర్) అడిగి ఆర్‌సీఐ సైటులో సరిచూసుకోండి. అలా అడగడం అమర్యాదేం కాదండీ.

నంబర్ ఉన్నా ఇంకొకటి అడగాలి: ఎక్స్‌పోజర్ (భయపడేదాన్నే మెట్టుమెట్టుగా ఎదుర్కొనే సాధన) చేయిస్తారా? పానిక్‌కి అసలు పని అదే. గదిలోనే ఒక నిమిషం వేగంగా ఊపిరి తీయించి, కుర్చీలో గిర్రున తిప్పి ఆ దడే తెప్పిస్తారు. (ఆస్తమా, మూర్ఛ, గుండె జబ్బు ఉంటే డాక్టర్ని అడక్కుండా వద్దు.) దడ దానంతటదే దిగుతుందని ఒంటికి తెలియాలి. తర్వాత బెంగళూరు మెట్రోలోనే, ఇందిరానగర్ ప్లాట్‌ఫామ్ మీద నిలబడటం, హలసూరు దాకా ఒక్క స్టేషన్, చివరికి సాయంత్రం 6కి రద్దీగా ఉండే మెజెస్టిక్ స్టేషన్. ప్రతిసారీ భయానికి 0 నుంచి 100 దాకా మార్కులు రాసుకోవాలి.

చెడేది ఎక్కడంటే, నీళ్ల సీసా పట్టుకుని, తలుపు పక్కనే నిలబడి, మీతో ఫోన్లో మాట్లాడుతూ వెళ్తే “అవి ఉన్నాయి కాబట్టే బయటపడ్డాను” అనుకుంటాడు. దడ పెరగ్గానే దిగిపోతే భయం ఇంకా గట్టిపడుతుంది.

దడకి వేరే కారణం లేదని తేల్చుకోవడానికి థైరాయిడ్ పరీక్ష, ఈసీజీ చేయించారా? మాత్రలు వాడుతుంటే సైకియాట్రిస్టుని అడక్కుండా ఆపొద్దు. ఈలోగా ఎవరితోనైనా మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, తెలుగులోనూ మాట్లాడతారు.