తమ్ముణ్ణి మొదటి మీటింగ్‌కు తీసుకెళ్లే ముందు

ప్రశ్న: నేను విజయవాడలో ఉంటాను. తెనాలిలో అమ్మ దగ్గర ఉంటున్న మా తమ్ముడికి 36 ఏళ్లు. తాగుడు భరించలేక భార్య పిల్లవాణ్ణి తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. ఉదయం లేవగానే వాడి చేతులు వణుకుతుంటే చూడలేక అమ్మే డబ్బులిచ్చి క్వార్టర్ తెప్పిస్తోంది. తాగుడు మానినవాళ్లు కలుసుకునే మీటింగులు ఉంటాయట, వెళ్దామా అని అడిగితే, ‘ఊళ్లో పరువు పోతుంది... సరే, చూద్దాంలే’ అన్నాడు. ఆ మీటింగులను ఎలా వెతకాలి? నేను వెంట వెళ్లవచ్చా? తెలియకుండా అన్నంలో కలిపే మందు ఏదైనా ఉందా అని అమ్మ అడుగుతోంది.

జవాబు: ‘చూద్దాంలే’ అన్న ఆ ఒక్క మాటను మీరు జారిపోనివ్వకుండా పట్టుకున్నందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. అయితే మీటింగ్ సంగతికి ముందు ఆ వణికే చేతుల గురించి చెప్పాలి. ఏళ్ల తరబడి రోజూ తాగిన మనిషి ఒక్కసారిగా మానేస్తే మొదటి రెండు రోజుల్లోనే ఫిట్స్ రావచ్చు; ఆ తర్వాత మతి తప్పి, లేనివి ఉన్నట్టు కనిపించి, ప్రాణం మీదకు కూడా రావచ్చు. అందువల్ల రేపటి నుంచి చుక్క ముట్టడానికి వీల్లేదని ఇంట్లో గది గడియ పెట్టే పని ఎవరూ చేయకండి. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలోని మానసిక వైద్య విభాగానికి గానీ, మీకు అందుబాటులో ఉన్న మరో మానసిక వైద్యుని దగ్గరకు గానీ ముందు తీసుకెళ్లండి. కొద్ది రోజుల పాటు ఇచ్చే మందులతో, బి1 విటమిన్‌తో ఆ గండం సురక్షితంగా గట్టెక్కుతుంది. మీటింగ్ వైద్యానికి తోడే తప్ప వైద్యానికి బదులు కాదు.

అన్నంలో కలిపే మందు విషయంలో అమ్మగారికి గట్టిగా చెప్పండి: వద్దు. డైసల్ఫిరామ్ అనే మాత్ర ఉన్న మాట నిజమే, కానీ అది వేసుకున్న మనిషి తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడ పెరిగి, బీపీ పడిపోయి ప్రాణాపాయం కలగవచ్చు. అది తాను ఏం మింగుతున్నాడో తెలిసి, ఒప్పుకుని, డాక్టరు పర్యవేక్షణలో వేసుకోవలసిన మందు. పేరు తెలియని పొడులూ పసర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

మీరు విన్న మీటింగులు ఆల్కహాలిక్స్ అనానిమస్ వారివి అయి ఉంటాయి, ఏ.ఏ. అంటారు. 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో ఇద్దరు తాగుడు బాధితులు ఒకరికొకరు ఆసరాగా నిలబడటంతో మొదలైన ఈ సంఘం మన దేశానికి 1957లో వచ్చింది. ఫీజు లేదు, దరఖాస్తు లేదు. తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు. ఏ.ఏ. ఇండియా వెబ్‌సైటులో గ్రూపుల వివరాలు చూడవచ్చు. ఆసుపత్రిలో తాగుడు మాన్పించే డి-అడిక్షన్ వార్డు ఉంటే అక్కడి కౌన్సెలర్‌ను అడగండి, ఎందుకంటే దగ్గర్లోని గ్రూపుల సంగతి సాధారణంగా వారికి తెలిసే ఉంటుంది. కేంద్ర ప్రభుత్వం వారి ఉచిత డి-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేసి చికిత్సా కేంద్రాల వివరాలు కూడా తెలుసుకోవచ్చు. అయితే చిరునామా దొరికింది కదా అని నేరుగా బయలుదేరకండి. వేళలూ గదులూ మారుతుంటాయి కాబట్టి గ్రూపువారికి ముందుగా ఫోన్ చేసి, మాటలు తెలుగులో సాగుతాయా, ఆ రోజు ఓపెన్ మీటింగా, క్లోజ్డ్ మీటింగా అని కనుక్కోండి. ఓపెన్ మీటింగులో మీరూ కూర్చోవచ్చు. క్లోజ్డ్ అయితే అది తాగుడు సమస్య ఉన్నవాళ్లకు మాత్రమే. మీరు బయట ఎదురుచూడాలి.

పరువు భయాన్ని చిన్నదిగా చూడకండి. తెనాలిలో వద్దంటే మీ విజయవాడలోనే మీటింగ్ చూసుకోండి, రైలెక్కితే వచ్చేస్తాడు. అక్కడ ఇంటిపేరు అడగరు, విన్నది బయట చెప్పకూడదన్నది వారు పట్టుదలగా పాటించే నియమం. నేనొకసారి ఒక ఓపెన్ మీటింగులో వెనక వరుసలో కూర్చున్నాను. ప్లాస్టిక్ కుర్చీలు, టీ ఫ్లాస్కు, పదిహేను మంది దాకా జనం. ఒక్కొక్కరే లేచి పేరు చెప్పి, ‘నేను ఆల్కహాలిక్‌ని’ అని తమ కథ చెప్పుకుంటుంటే మధ్యలో ఎవరూ అడ్డుపడలేదు, సలహా ఇవ్వలేదు. కొత్తగా వచ్చిన ఒక కుర్రాడు హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని గుమ్మం పక్కనే కూర్చున్నాడు, గంటసేపూ నోరు విప్పలేదు, మాట్లాడమని అతణ్ణి ఎవరూ బలవంతపెట్టలేదు. వెళ్లేటప్పుడు మాత్రం ఒక పెద్దాయన చీటీ మీద తన ఫోన్ నంబరు రాసి అతని చొక్కా జేబులో పెట్టి, ‘తాగాలనిపిస్తే, తాగకముందే చెయ్యి, ఎంత రాత్రయినా సరే’ అన్నాడు. మీరూ నేనూ ఎంత ప్రేమగా చెప్పినా ఆ మాటకుండే బలం మన మాటకు రాదు, ఎందుకంటే ఆయన ఆ రాత్రులను తాను గడిపి వచ్చిన మనిషి.

తిరిగి వచ్చేటప్పుడు ఏం జరిగిందని ఆరా తీయకండి. మొదటి గ్రూపు నచ్చకపోతే ఇంకో గ్రూపు చూడవచ్చు. నాలుగు వారాలు వెళ్లి మళ్లీ తాగినా, మీటింగులు దండగ అని అమ్మగారు అనకుండా చూడండి, ఎందుకంటే తిరిగి వెళ్లేవారి కోసం ఆ తలుపు తెరిచే ఉంటుంది.

కుటుంబ సభ్యుల కోసం 1951లో మొదలైన అల్-అనాన్ అనే విడి సంఘం ఉంది. మీ తమ్ముడు వెళ్లినా వెళ్లకపోయినా మీరూ అమ్మగారూ ఆ గ్రూపును వెతుక్కుని వెళ్లడం మంచిది. కన్నకొడుకు వణుకుతుంటే చూడలేక డబ్బులిచ్చిన తల్లిని నేను తప్పుపట్టను. ఆ క్వార్టర్‌ను ఎప్పుడు, ఎలా ఆపాలన్నది డాక్టరు చెప్పాక, ‘ఇవ్వను’ అనడానికి ఆవిడకూ ఒక ఆసరా కావాలి.

ఈ ఆదివారం తెనాలి వెళ్లండి. వాడు కాస్త తేటగా ఉన్న వేళ చూసి, పక్కన కూర్చోబెట్టుకుని, గ్రూపు నంబరుకు మీరే ఫోన్ కలపండి. అవతలివారు పలికాక రెండు ముక్కలు చెప్పి, ఫోన్ వాడి చేతికిచ్చి, మీరు వంటింట్లోకి వెళ్లిపోండి.