నలభై దాటాక రక్స్ షర్కీ: అమ్మలుకి పిన్ని ఉత్తరం

చి. సౌ. అమ్మలుకి,

పిన్ని ఆశీస్సులు. నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచీ మనసు అక్కడే ఉంది. మీ డాన్స్ క్లాసు వార్షికోత్సవంలో నిన్ను వెనక వరసలో నిలబెట్టారనీ, కారణం అడిగితే "స్టేజి ఫ్రెష్‌గా కనిపించాలి కదా మేడమ్" అన్నారనీ రాశావు. నలభై మూడేళ్లొచ్చాక బెల్లీ డాన్స్, అదే అరబ్బులు రక్స్ షర్కీ అనేది, ఇంకా ఎందుకు, గౌరవంగా మానేయనా అని అడిగావు. మానకు. ఆ ఒక్క మాటా ముందు చెప్పేసి మిగతాది నెమ్మదిగా రాస్తాను.

మీ బాబాయి ఉద్యోగరీత్యా మేం కైరోలో ఉన్న రోజుల్లో ఈ నాట్యం నాకు పరిచయమైంది పెళ్లిళ్లలో. దర్బుకా అనే చేతి డోలు మోగగానే ఆడవాళ్లు నడుముకి ఓ స్కార్ఫ్ బిగించి లేస్తారు. కూతుళ్లు, కోడళ్లు, మేనత్తలు, అందరూ. కాసేపటికి ఇంటి పెద్దావిణ్ణి చెయ్యి పట్టుకుని మధ్యలోకి తెస్తారు. ఆవిడ పెద్దగా ఏమీ చెయ్యదు. భుజం కొంచెం, తుంటి కొంచెం. కానీ ఆ తుంటి సరిగ్గా దరువు మీద పడ్డప్పుడు చుట్టూ ఉన్నవాళ్లంతా జగారీత్ పెడతారు, నాలుక ఆడిస్తూ పెట్టే శుభధ్వని అది. ఈ నాట్యానికి పుట్టిల్లు ఆ పెళ్లి పందిరే. అక్కడ ఎవరూ ఎవరి వయసూ అడగరు.

వయసు లెక్క స్టేజితో వచ్చింది. 1926లో బదియా మసాబ్ని కైరోలో తన నాట్యశాల తెరిచింది. పెద్ద వాద్యబృందం, మెరిసే దుస్తులు, వేదికంతా కలియదిరగడం అలాంటి శాలల్లోనే రూపు కట్టాయి. పేరుమోసిన నర్తకులు తహియా కరియోకా, సామియా గమాల్ అక్కడి నుంచే వచ్చారు. ఆ వెనకే సినిమా వచ్చింది. కెమెరాకి పడుచుదనం మీద మోజు ఎప్పుడూ ఉన్నదే. ఇప్పుడు మీ క్లాసుల్లో నేర్పేది చాలావరకు ఆ స్టేజి, ఆ సినిమా దారిలో వచ్చినది. అందుకే మీ టీచర్ మాటని నేను దురుద్దేశంగా అనుకోను. ఆ అమ్మాయికి తెలిసిన బెల్లీ డాన్స్ అంతవరకే. నీకు అంతకన్నా తెలియాలి.

తహియా, సామియా ఇద్దరి పాత క్లిప్పింగులూ పక్కపక్కన పెట్టుకుని చూడు. సామియా వేదికంతా తేలుతుంది, చేతులు చాచి తిరుగుతుంది, బాలే అడుగులూ లాటిన్ అడుగులూ కలుపుతుంది. తహియా ఉన్న చోటు వదలడానికే ఇష్టపడదు. చిన్న జాగాలో నిలబడి, చూసేవాళ్లని తనే దగ్గరికి రప్పించుకుంటుంది. ఇద్దరూ గొప్పవాళ్లే. అయితే సామియా దారికి ఊపిరి, మోకాళ్లు, బ్యాలెన్సు చాలా ఖర్చవుతాయి. తహియా దారి ఏళ్లు గడిచేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. నీ వయసులో ఏ దారి పట్టాలో నేను వేరే చెప్పాలా?

అలాగని వయసుతో పాటు పరిణతి దానంతటదే వస్తుందని అనుకోకు. నలభై ఐదేళ్లకీ పాట వినకుండా అడుగులు లెక్కపెట్టుకునేవాళ్లని చూశాను. ఇరవైల్లోనే పాట లోపలికి దిగిపోయినవాళ్లూ ఉన్నారు. ఈజిప్టు మహాగాయని ఉమ్ కుల్సూమ్ పాటలకి ఆడిన మొదటి నర్తకిగా సుహైర్ జకీ పేరు చెప్తారు. 1945లో పుట్టిన మనిషి, ఆ పని చేసేనాటికి ఇరవైల్లో ఉంది. ఆమె దగ్గర ఆర్భాటం ఏమీ ఉండదు. గొంతు ఆగిన చోట తనూ ఆగుతుంది, గొంతు వణికిన చోట నడుమూ వణుకుతుంది. మరో నర్తకి నయీమా అకెఫ్ అయితే 1966లో, నలభై నిండకుండానే పోయింది. ఆమె ఇచ్చినదంతా ఆ లోపే ఇచ్చింది. కాబట్టి ముందు వరసలో ఉన్న ఆ పిల్లల్ని చిన్నచూపు చూడకు. వాళ్ల వేగం వాళ్లకి అందం. నీకున్నది వేరు.

అదేమిటో ఒక పాట ఆధారంగా చెప్తాను. 1964లో ఉమ్ కుల్సూమ్ "ఇంత ఉమ్రీ" పాడింది. మొహమ్మద్ అబ్దుల్ వహాబ్ ఆమెకి స్వరపరిచిన మొదటి పాట అది. నిన్ను చూడకముందు నేను గడిపిన కాలమంతా వృథాగా పోయిన ఆయుష్షే, దాన్ని నా బతుకులో ఎలా జమకడతారు అనే భావం అందులో ఉంది. ఇరవై ఏళ్ల అమ్మాయి ఆ పంక్తికి అందంగా నడుము తిప్పగలదు. కానీ పోయిన ఏళ్లు అనే మాటకి ఆమె దగ్గర సరుకు ఇంకా తక్కువ. నీ దగ్గర ఉంది. చదువు మధ్యలో ఆపేసి పెళ్లి చేసుకున్నావు, ఇద్దరు పిల్లల్ని పెంచావు, అమ్మకి మంచం పక్కనే రాత్రులు గడిపావు. ఆ పంక్తి దగ్గర నువ్వు ఏమీ నటించక్కర్లేదు. చెయ్యి కొంచెం లేపి ఆపితే చాలు, అర్థం తెలిసి ఆడుతున్న మనిషని చూసేవాళ్లకి తెలిసిపోతుంది.

మన దగ్గరా ఈ దారి కొత్తది కాదు. కళానిధి నారాయణన్‌గారు చిన్నప్పుడు నేర్చుకుని మానేసి, దాదాపు మూడు దశాబ్దాల తర్వాత, 1970ల్లో మళ్లీ నాట్యానికి వచ్చారు. క్షేత్రయ్య పదాలకి ఆవిడ అభినయం చెప్తుంటే పేరున్న నర్తకులు వెళ్లి కూర్చుని నేర్చుకున్నారు. మన వేదాంతం సత్యనారాయణ శర్మగారు వయసు మీద పడ్డాకా సత్యభామగా జడ వేసుకుని వస్తే, ఆ వయ్యారం ముందు ఆయన ఎన్నేళ్లవారన్న ఊహ ఎవరికీ వచ్చేది కాదు. కూచిపూడి నేర్చుకున్నదానివి, పదానికీ జతికీ తేడా నీకు నేను చెప్పాలా? రక్స్ షర్కీలోనూ అంతే. దర్బుకా సోలో జతి లాంటిది, అది కుర్రకారుకి వదిలెయ్. తక్సీమ్ నువ్వు తీసుకో.

తక్సీమ్ అంటే ఒక్క వాద్యం తాళం పక్కన పెట్టి, మనసుకి తోచినట్టు రాగం విస్తరించడం. మన ఆలాపనకి దగ్గరి చుట్టం. కొరియోగ్రఫీ ఇక్కడ పనికిరాదు, వినడమే పని. ఒక నెల రోజులు నడుం కదపకు, ఊరికే విను. వంట చేస్తూ కాదు, కూర్చుని విను. నయ్ అనే వేణువు ఊదుతున్నప్పుడు చేతులూ ఛాతీ, వయొలిన్ సాగుతున్నప్పుడు నెమ్మదిగా తిరిగే తుంటి, కానూన్ తీగలు గలగలలాడినప్పుడు సన్నని షిమ్మీ, అంటే తుంటిని వణికించడం. ఇది వాడుక, నియమం కాదు. వాద్యకారుడు ఒక వాక్యం ముగిస్తూ స్వరాన్ని ఇంటికి చేర్చే చోటుని కఫ్లా అంటారు. అరబ్ శ్రోతలు "అల్లా" అని నిట్టూర్చేది అక్కడే. నీ కదలిక కూడా సరిగ్గా అక్కడే దిగాలి. అది కుదిరిందంటే మిగతా తప్పులు ఎవరూ లెక్కపెట్టరు. పాటకి మాటలుంటే ప్రతి పంక్తికీ అర్థం రాయించుకో. విరహగీతానికి పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ ఆడితే అరబీ తెలిసినవాళ్లు తల దించుకుంటారు.

నువ్వు ఒక్కదానివే ఆడే సోలోకి నా సలహా బలదీ. పల్లెల నుంచి కైరోకి వలస వచ్చిన జనం పట్నంలో పెంచుకున్న సంగీతం అది. మొదట అకార్డియన్ ఒక్కటే నెమ్మదిగా మొదలెడుతుంది. పాశ్చాత్య వాద్యమే అయినా అరబ్ రాగాల పావు స్వరాలు పలికేలా దాన్ని మార్చుకున్నారు. తర్వాత అకార్డియన్ ఒక మాట అంటే దర్బుకా బదులు చెప్తుంది. ఆ తర్వాత మక్సూమ్ తాళం స్థిరపడుతుంది, చివరికి వేగం పెరుగుతుంది. నీ ఒళ్లు వేడెక్కే వరస కూడా అదే, అందుకే నీకు నప్పుతుంది. ఫిఫీ అబ్దో తెల్లటి గలబియ్యా, అంటే కాళ్లదాకా ఉండే వదులు గౌను, వేసుకుని బలదీ ఆడిన వీడియోలు వెతుకు. 1953లో పుట్టిన మనిషి, యాభై దాటాకా ఆమె షిమ్మీ తగ్గలేదు. ఉన్న చోటే నిలబడి, కళ్లతోనే జనాన్ని ఏలుతుంది. ఈ వీధి నాది, ఈ ఇల్లు నాది అన్న ధీమా ఆ నిలబడటంలో ఉంటుంది. అది సాధన ఒక్కదానితో రాదు, సంసారం ఈదిన మనిషికి వస్తుంది. ఐదారు నిమిషాలకి మించకుండా ఎంచుకో.

దుస్తుల గురించి ఎక్కువ ఆలోచించకు. నిండు గలబియ్యా, తుంటికి ఓ స్కార్ఫ్. పొట్ట దాచుకోడానికి చెప్తున్నానని అనుకునేవు, బలదీకి అదే సంప్రదాయం. రేపు మెరుపుల సెట్టు వేసుకోవాలనిపిస్తే నిక్షేపంగా వేసుకో.

ఇక ఒంటి సంగతి. ఇక్కడ మాత్రం మొహమాటపడకుండా నేను చెప్పినట్టు విను.

నువ్వు రాసిన ఆ మోకాలి నొప్పికి సగం కారణం అరమండి అలవాటు అయ్యుండొచ్చని నా అనుమానం. కూచిపూడిలో మోకాళ్లు పక్కలకి తెరిచి కిందికి కూర్చుంటావు. ఇక్కడ పాదాలు సమాంతరంగా, మోకాళ్లు కొంచెం మెత్తగా, కటి ముందుకీ వెనక్కీ వాలకుండా ఉండాలి. తొందరలో పాత అలవాటు దూరిపోతుంది. అద్దం ముందు పక్క నుంచి చూసుకో. మోకాళ్లు గబగబా మార్చి చేసే షిమ్మీ తగ్గించి, పిరుదుల కండరాలతో చేసే షిమ్మీ నేర్చుకో. మొదట్లో మొద్దుగా వస్తుంది, పట్టు దొరికాక మోకాలికి హాయి.

వార్మప్ కనీసం పావుగంట. నలభైల్లో ఈస్ట్రోజన్ హెచ్చుతగ్గులు మొదలై మెనోపాజ్ నాటికి పడిపోతుంది, దాంతో ఎముక సాంద్రత తగ్గుతుంది. వయసుతో కండ కూడా కరుగుతుంది. దానికి నాట్యం ఒక్కటే సరిపోదు. వారానికి రెండు రోజులు బరువులతో కసరత్తు చెయ్యి. స్క్వాట్లు, మునివేళ్ల మీద లేవడం, వీపుకి బలమిచ్చేవి. వెనక్కి వంగేటప్పుడు నడుము దగ్గర విరవకు, ఛాతీ ఎత్తుతూ పైవీపు నుంచి వంగు. ఉన్నపళంగా వెనక్కి నేల మీద పడే ఆ టర్కిష్ డ్రాప్ జోలికి అసలు వెళ్లకు. అది చేసి మోకాళ్లు పాడుచేసుకున్న పడుచువాళ్లే ఉన్నారు. గట్టిగా సాధన చేసిన మర్నాడు సెలవు తీసుకో. స్నాయువులు కోలుకోడానికి ఇదివరకటికన్నా ఎక్కువ సమయం పడుతుంది.

ఇంకొకటి, నువ్వు రాయలేదు గానీ ఇద్దరు పిల్లల్ని కన్నదానివి కనక నేనే అడుగుతున్నాను. గట్టి షిమ్మీలో కాస్త మూత్రం పడుతోందా? చాలామందికి ఉంటుంది, ఎవరూ చెప్పుకోరు. సిగ్గుపడి క్లాసు మానేసినవాళ్లని నేనెరుగుదును. కటి కండరాలకి ఫిజియోథెరపీ ఉంది, చాలామందికి తగ్గుతుంది కూడా. డాక్టరమ్మని అడుగు.

మీ టీచర్‌తో పోట్లాడకు. సాధన అయ్యాక ఒక రోజు ఆ అమ్మాయిని కూర్చోబెట్టి నీ బలదీ చూపించు. ఆ తర్వాత "నాకు వెనక వరస వద్దమ్మా, ఐదు నిమిషాల సోలో ఇప్పించు" అని అడుగు. చూపించకముందే అడిగితే వయసు గురించి మాట్లాడతారు, చూపించాక అడిగితే నాట్యం గురించి మాట్లాడక తప్పదు. అప్పటికీ కాదంటే, నీ ఈడువాళ్లని పోగేసి మీ మేడ మీదే ఒక హఫ్లా పెట్టు. ఆడవాళ్లే వచ్చి తినడం, ఆడటం, ఒకరికొకరు చప్పట్లు కొట్టడం. మీ అత్తగారినీ కూర్చోబెట్టు, ఆవిడకి నచ్చుతుంది చూడు. 1960ల్లో పుట్టిన నర్తకి దీనా యాభై దాటాకా కైరో పెళ్లిళ్లలో ఆడింది, తత్వశాస్త్రంలో ఎమ్మే చదివిన మనిషి. ఈజిప్టు జానపద నాట్యబృందం రెడాలో ఆడిన ఫరీదా ఫహ్మీ 1980ల్లో స్టేజి విరమించాక అమెరికాలో చదువుకుని, ఆ తర్వాత ఎందరికో నేర్పింది. ఆడటం ఒక్కటే కాదు, రాయడం, నేర్పడం, వినిపించడం అన్నీ ఈ నాట్యంలో పనులే. నీకు అన్నింటికీ ఇంకా చాలా టైముంది.

మోకాలికి ఎక్స్‌రే తీయించాక డాక్టరు ఏమన్నారో వెంటనే రాయి. ఈలోగా రెండు మూడు బలదీ తక్సీములు ఎంచి నాకు పంపు, ఏది నీ నడుముకి నప్పుతుందో విని చెప్తాను. పిల్లలకి ముద్దులు, మీ ఆయనకి నా ఆశీస్సులు.

ఇట్లు
మీ పిన్ని