పోర్టో నుంచి శాంటియాగోకు తీరం వెంట పాదయాత్ర: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

స్పెయిన్ వాయవ్య మూలన ఉన్న శాంటియాగో ద కంపొస్టెలాకు, అంటే యేసు శిష్యుడు యాకోబు సమాధి ఉందని క్రైస్తవులు నమ్మే క్షేత్రానికి, 2024లో దాదాపు 5 లక్షల మంది యాత్రికులు చేరుకున్నారు. వారిలో 70 వేల మందికి పైగా పోర్చుగల్ తీరం వెంట వెళ్లే దారిలో వచ్చినవారే. ఆ దారి గురించి పాఠకులు అడిగిన ప్రశ్నల్లో తరచూ వచ్చినవి ఇవి.

ప్రశ్న: మొత్తం ఎంత దూరం? సెలవు పద్నాలుగు రోజులే ఉంది. సరిపోతుందా?

జవాబు: పోర్చుగల్‌లోని పోర్టో నగరపు కెథడ్రల్ (ప్రధాన చర్చి) నుంచి శాంటియాగో కెథడ్రల్ వరకు దాదాపు 270 నుంచి 280 కిలోమీటర్లు. ఎంచుకునే పక్కదారులను బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. పన్నెండు రోజులు నడక, ఒక రోజు విశ్రాంతి వేసుకుంటే సరిపోతుంది గానీ, విమానం దిగిన రోజే నడక మొదలుపెట్టకండి.

మజిలీలు సాధారణంగా ఇలా పడతాయి: విలా దో కోండె, ఎస్పొజెండె, వియానా దో కాస్టెలో, కామిన్హా. అక్కడ మిన్యో నది దాటితే స్పెయిన్. ఆపైన ఓయా, బయోనా, వీగో, రెడోండెలా, పోంటెవేద్రా, కాల్దస్, పద్రోన్, శాంటియాగో. చాలామందిని దెబ్బతీసేది మొదటి రోజే. కెథడ్రల్ నుంచి విలా దో కోండె దాకా 33 కిలోమీటర్లు ఉంటుంది. తొలిరోజు ఉత్సాహంలో అది తెలియదు, మూడో రోజు మోకాళ్లకు తెలుస్తుంది. దాన్ని రెండుగా విడగొట్టి లాబ్రూజ్ ఊళ్లో ఆగండి. లేదంటే ఊరి రద్దీ దాటేవరకు మాటోసిన్యోస్‌కు మెట్రోలో వెళ్లి, అక్కడి నుంచి నడక మొదలుపెట్టండి. ఇందులో తప్పేమీ లేదు. యాత్ర పూర్తి చేసినవారికి ఇచ్చే కంపొస్టెలా పత్రానికి పోర్టో వీధుల లెక్క అవసరం లేదు.

రెడోండెలా దగ్గర, తీరానికి దూరంగా వచ్చే లోపలి దారి కూడా వచ్చి కలుస్తుంది. అక్కడి నుంచి జనం పెరుగుతారు, బసకు పోటీ పెరుగుతుంది. విశ్రాంతి రోజును అంతకుముందే, బయోనాలోనో వియానాలోనో, వాడుకోవడం మంచిది.

ప్రశ్న: సముద్రం పక్కన నడక కదా, ఇసుకలో చెప్పులు విప్పి నడవొచ్చా?

జవాబు: సాయంత్రం బస చేరాక ఒక అరగంట నడవండి. దారి నడకగా మాత్రం వద్దు. మెత్తటి ఇసుకలో ప్రతి అడుగుకూ మడమ కిందికి దిగి, మడమ వెనక నరం సాగుతుంది. అలల అంచున గట్టిగా ఉండే ఇసుక హాయిగా అనిపిస్తుంది కానీ అది సముద్రం వైపు వాలి ఉంటుంది. గంటల తరబడి ఒక కాలు ఎత్తులో, ఇంకొకటి పల్లంలో పడితే తుంటి, మోకాలు పక్క పట్టేస్తాయి. ఉప్పునీళ్లలో తడిసిన పాదాన్ని మంచినీళ్లతో కడగకుండా మేజోడులో పెడితే ఉప్పు, ఇసుక కలిసి చర్మాన్ని గీరేస్తాయి.

అసలు ఈ దారిలో కాళ్లకు శత్రువు ఇసుక కాదు, గట్టి నేల. పోర్చుగల్ ఊళ్ల మధ్య చిన్న గ్రానైట్ రాళ్లు పరిచిన వీధులు, స్పెయిన్ వైపు ‘ఆ గార్దా’ అనే ఊరి నుంచి బయోనా దాకా చాలాచోట్ల తారు రోడ్డు పక్క బాట. అందుకని చీలమండ దాకా వచ్చే బరువైన బూట్లు ఇక్కడ దండగ. మెత్తటి అడుగు ఉన్న ట్రెయిల్ రన్నింగ్ షూ చాలు. మీ మామూలు కొలత కన్నా అర సైజు నుంచి ఒక సైజు పెద్దది తీసుకోండి. నడిచేకొద్దీ పాదం ఉబ్బుతుంది. కొత్తవి కొని నేరుగా తీసుకెళ్లకుండా, ఇంటి దగ్గరే సామాను బరువుతో కనీసం వంద కిలోమీటర్లు నడిచి అలవాటు చేసుకోండి.

పొక్కులు ఎందుకొస్తాయో తెలిస్తే ఆపడం తేలిక. చర్మం పైపొర షూతో పాటు ఒక వైపు, లోపలి ఎముక ఇంకోవైపు కదిలితే మధ్యలో పొరలు విడిపోయి నీరు చేరుతుంది. చెమట తడి చర్మానికీ మేజోడుకీ మధ్య పట్టును పెంచుతుంది. కాబట్టి ప్రతి రెండు గంటలకూ షూ, మేజోళ్లు విప్పి పది నిమిషాలు పాదాలకు గాలి తగలనివ్వండి. మేజోడు తిరగేసి దులపండి. బొటనవేలి పక్క కుట్టులో ఇరుక్కున్న నాలుగు ఇసుక రేణువులు మధ్యాహ్నానికి పొక్కు తెప్పించగలవు. ఎక్కడైనా వెచ్చగా, చురుక్కుమని అనిపించిందంటే అదే హెచ్చరిక. ‘ఇంకో కిలోమీటరు నడిచాక చూద్దాం’ అనుకోకుండా అక్కడే ఆగి టేపు వేయండి. టేపు మూలలను గుండ్రంగా కత్తిరిస్తే ఊడిరాదు.

ప్రశ్న: దారంతా చెక్కల బాట వేసి ఉందట. దాని మీదే నడవాలా? పక్కన దిబ్బల మీద కాలిబాటలు కనిపిస్తాయి కదా.

జవాబు: దారంతా లేదు, ఉన్నచోట మాత్రం చెక్కల మీదే నడవాలి. అన్నిటికన్నా ఒత్తి చెప్పదలచుకున్నది ఇదే.

ఇసుక దిబ్బ అంటే కుప్పపోసిన ఇసుక కాదు, దాన్ని పట్టి ఉంచేది గడ్డి. అట్లాంటిక్ తీరంలో పెరిగే ఆ గడ్డి మీద ఇసుక పడ్డకొద్దీ అది పైకి పెరుగుతూ, కింద వేళ్లను వలలా అల్లుతుంది. ఒకే చోట వరసగా అడుగులు పడితే గడ్డి చస్తుంది. బయటపడ్డ ఇసుకను గాలి తవ్వేస్తుంది, గండి పడుతుంది. చలికాలం తుపానులో ఆ గండిలోంచే సముద్రం లోపలికొస్తుంది. మీకు కనిపించిన ఆ ‘కాలిబాట’ నిజానికి మానుతున్న గాయమో, పెద్దదవుతున్న గాయమో. ఎస్పొజెండె పరిసరాల్లో దాదాపు 16 కిలోమీటర్ల తీరాన్ని సహజ ఉద్యానంగా రక్షిస్తున్నారు. సముద్రపు కోత అక్కడ ఊళ్లకే ముప్పుగా ఉంది.

ఇంకో కారణం గుడ్లు. మార్చి నుంచి జులై దాకా బూడిదరంగు వీపు, తెల్లటి పొట్ట ఉన్న ఒక చిన్న ఉల్లంకి పిట్ట ఈ తీరంలో గూడు పెడుతుంది. గూడంటే పుల్లలతో కట్టింది కాదు, ఇసుకలో అరచేతి కన్నా చిన్న గుంట. అందులో సాధారణంగా మూడు గుడ్లు, ఇసుక రంగులోనే నల్లటి చుక్కలతో ఉంటాయి. పక్కనే నిలబడి చూసినా కనపడవు. మీ ముందు ఒక పిట్ట రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ పరిగెత్తుతోందంటే దానికి దెబ్బ తగల్లేదు. గూటికి దూరంగా మిమ్మల్ని లాక్కెళ్లే ప్రయత్నం అది. ఫొటో కోసం వెంటపడకండి, ఆగకండి కూడా. వచ్చిన దారినే వెనక్కి తిరిగి చెక్కల మీదికి వెళ్లిపోండి. మీరు ఉన్నంతసేపూ అది గుడ్లు వదిలి ఉంటుంది, ఎండకు గుడ్లు ఉడికిపోతాయి.

చెక్కల మీద నడవడానికీ ఒక పద్ధతి ఉంది. తెల్లవారుజామున మంచు తడికి అవి జారతాయి, అడుగులు చిన్నగా వేయండి. చేతికర్ర ఇనుప మొన చెక్కల సందులో దిగి విరుగుతుంది, చెక్కనూ పాడుచేస్తుంది. రబ్బరు తొడుగు వేసుకోండి, ఒక జత అదనంగా ఉంచుకోండి. దిబ్బల్లో గుడారం వేసుకుని పడుకోవచ్చా అని కూడా కొందరు అడిగారు. వద్దు. రక్షిత తీరంలో అది చట్టవిరుద్ధం.

ప్రశ్న: ఏ నెలల్లో వెళ్లాలి? గాలి ఎక్కువని విన్నాం.

జవాబు: మే, జూన్, సెప్టెంబరు. అక్టోబరు నుంచి గలీసియాలో, అంటే శాంటియాగో ఉన్న స్పెయిన్ ప్రాంతంలో, వానలు ముసురుపడతాయి. నడివేసవిలో పోర్చుగల్ తీరంలో ఉత్తరపు గాలి వీస్తుంది, మధ్యాహ్నానికి బలం పుంజుకుంటుంది. మీరు నడిచేదీ ఉత్తరానికే కాబట్టి అది పూర్తిగా ఎదురుగాలి. ఆరింటికి బయల్దేరి ఒంటిగంటకల్లా బస చేరేలా చూసుకుంటే సగం శ్రమ తగ్గుతుంది.

ఆ చల్లగాలి వల్ల ఎండ తెలియదు, మోసపోయేది అక్కడే. ఉత్తరానికి నడుస్తుంటే మధ్యాహ్నపు సూర్యుడు మీ వెనక ఉంటాడు. మాడేది ముఖం కాదు. మెడ వెనక, చెవుల వెనక, పిక్కలు. టోపీకి వెనక గుడ్డ ఉండాలి. క్రీము ముందు పిక్కలకు రాయండి.

వియానాలోకి అడుగుపెట్టేది లిమా నది మీద ఐఫెల్ కంపెనీ కట్టిన ఇనుప వంతెన మీదుగా. 1878 నాటిది, అర కిలోమీటరుకు పైగా పొడవు. నడిచేవారికి వదిలిన అంచు సన్నంగా ఉంటుంది. గాలి రోజున బ్యాగు మీది వాన తొడుగు తెరచాపలా పట్టేస్తుంది, వంతెన ఎక్కేముందే తీసేయండి.

ప్రశ్న: కామిన్హా దగ్గర పడవ దొరక్కపోతే ఏం చేయాలి?

జవాబు: మంచి ప్రశ్న, ఎందుకంటే ఇది జరుగుతుంది. యాత్రికులను చిన్న మోటారు పడవలు అవతలి ఒడ్డుకు చేరుస్తాయి. పది నిమిషాల ప్రయాణమే. నది సముద్రంలో కలిసే చోట ఇసుక మేట వేస్తుంది కాబట్టి ఆటు సమయంలో నీరు చాలదు, గాలి ఎక్కువైతే అసలు నడపరు. ముందురోజు సాయంత్రమే ఆటుపోట్ల వేళలు చూసుకుని పడవవాళ్లతో మాట్లాడుకోండి. వాళ్లు చెప్పే సమయం పోర్చుగల్ సమయం. అవతల దిగగానే గడియారం గంట ముందుకు జరుగుతుంది. పదకొండింటికి దిగామనుకుంటే అక్కడ పన్నెండు.

పడవ లేకపోతే తొందరపడి టాక్సీ పిలవక్కర్లేదు. నది వెంట సుమారు 12 కిలోమీటర్లు పైకి వెళ్తే విలా నోవా ద సెర్వెయిరా ఊరు. అక్కడి వంతెన దాటి, అవతలి ఒడ్డు వెంట మరో 15 కిలోమీటర్లు కిందికి నడిస్తే ఆ గార్దా. ఒక రోజు పెరుగుతుంది, తీరం మాత్రం చేజారదు. కాళ్లు సహకరించకపోతే కామిన్హా నుంచి సెర్వెయిరాకు రైలు ఉంది. కొందరు వలెంసా దాకా వెళ్లి 1886 నాటి వంతెన మీద తూయీ చేరుకుంటారు కానీ అక్కడి నుంచి లోపలి దారి పట్టాల్సి వస్తుంది. ఓయాలో సముద్రానికి ఎదురుగా నిలబడ్డ సిస్టర్సియన్ అనే క్రైస్తవ సన్యాసుల మఠాన్నీ, 1493 మార్చి 1న కొలంబస్ ఓడల్లో ఒకటైన పింటా అమెరికా కబురు తెచ్చిన బయోనా రేవునీ వదులుకోవడమే అవుతుంది.

ప్రశ్న: సామాను ఎంత? బ్యాగు మోసిపెట్టే వ్యాన్లు ఉంటాయట, వాడుకోవచ్చా?

జవాబు: నడుము నొప్పి ఉన్నవారు, పెద్దవాళ్లు నిరభ్యంతరంగా వాడుకోండి. మిగిలినవారు మోయగలిగినంతే తీసుకెళ్లండి. ఊరికీ ఊరికీ మధ్య ఒక్కో బ్యాగు కోసం బండి తిరగడం తగ్గుతుంది. పైగా మర్నాటి బస ముందే ఖాయం చేసుకోవాల్సిన బంధం కూడా ఉండదు. నీళ్లు కాకుండా ఒంటి బరువులో పదో వంతు మించకూడదు, చాలామందికి అది ఆరేడు కిలోలు.

బట్టలు ఒంటి మీద ఒక జత, సంచిలో ఒక జత. నూలు వద్దు, సముద్రపు తేమకు రాత్రంతా ఆరేసినా ఆరదు. పలుచని ఉన్ని గానీ సింథటిక్ గానీ తీసుకోండి. ఉతికాక బట్టను తువ్వాలులో చుట్టి, మోకాలితో నొక్కి పిండితే రెండు గంటలు ముందే ఆరుతుంది. అరలీటరు సీసాలు రెండు చాలు. పోర్చుగల్‌లోనూ స్పెయిన్‌లోనూ కుళాయి నీరు తాగొచ్చు. దారిలోని రాతి తొట్టెల దగ్గర ‘పొటావెల్’, ‘పొటాబ్లె’ అనే మాటకు ముందు ‘నావ్’, ‘నో’, ‘నాన్’ లాంటిది కనిపిస్తే ఆ నీరు తాగకండి.

గలీసియా ప్రభుత్వ సత్రాల గురించి రెండు ముక్కలు. ముందస్తు బుకింగ్ ఉండదు, ముందు వచ్చినవారికి ముందు, ఒక్క రాత్రే. వంటగది ఉంటుంది, గిన్నెలు మాత్రం చాలాచోట్ల ఉండవు. ఒక స్టీలు మగ్గు, చెంచా ఉంచుకోండి. పరుపు మీదికి వాడి పారేసే పలుచని దుప్పటి ఇస్తారు. సొంత పక్కగుడ్డ ఉంటే అది వద్దని చెప్పొచ్చు. పడుకునే ముందు పరుపు కుట్ల వెంట నల్లటి చుక్కలున్నాయేమో చూడండి, నల్లులకు అదే గుర్తు. తడి టిష్యూలు తీసుకెళ్లకండి. వాటిలో చాలావాటికి ప్లాస్టిక్ పోగులుంటాయి, నేలలో కలవవు. పొట్లాల రేకులను నిండిన చెత్తబుట్ట మీద పెడితే గాలికి నేరుగా సముద్రంలోకి పోతాయి, జిప్ సంచిలో వేసి ఊళ్లోకి తీసుకెళ్లండి.

ప్రశ్న: కంపొస్టెలా పత్రానికి నియమాలేమిటి?

జవాబు: కనీసం 100 కిలోమీటర్లు నడిచి ఉండాలి. యాత్రికుల పాస్‌పోర్టులో, అంటే దారిలో స్టాంపులు వేయించుకునే పుస్తకంలో, రోజుకు కనీసం రెండు స్టాంపులు ఉండాలి. సత్రాలు, చర్చిలు, కాఫీ కొట్లు అన్నీ వేస్తాయి, తేదీ పడిందో లేదో చూసుకోండి. వీగో నుంచి మొదలుపెట్టినా లెక్క సరిపోతుంది కానీ అంచున ఉంటుంది, బయోనా నుంచైతే బెంగ ఉండదు. పత్రం ఉచితం. జులై 25 ఆదివారం పడిన ఏడాదిని పుణ్యవత్సరంగా పాటిస్తారు. తర్వాతిది 2027. రద్దీ ఇష్టం లేనివారు ఆ ఏడాది తప్పించండి.

ప్రశ్న: వీసా పోర్చుగల్‌కు తీసుకోవాలా, స్పెయిన్‌కా?

జవాబు: రెండూ షెంగెన్ దేశాలే, ఒక్క వీసా చాలు. ఎక్కువ రోజులు ఎక్కడ ఉంటారో ఆ దేశానికి దరఖాస్తు పెట్టాలి. ఈ యాత్రలో పోర్చుగల్‌లో ఐదారు రాత్రులు, స్పెయిన్‌లో ఏడెనిమిది పడతాయి కాబట్టి, దిగేది పోర్టోలోనే అయినా సాధారణంగా స్పెయిన్‌కే పెట్టాల్సి వస్తుంది. 30 వేల యూరోలకు తగ్గని ప్రయాణ వైద్య బీమా తప్పనిసరి. ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు.

ప్రశ్న: విమానంలో అంత దూరం వెళ్లి, ప్రకృతికి హాని లేకుండా నడిచామంటే అర్థం ఉందా?

జవాబు: ఉంది, లెక్క మాత్రం దాచుకోకూడదు. ఈ యాత్ర మొత్తంలో వాతావరణానికి పడే పెద్ద భారం ఆ విమానమే. సత్రంలో ఎన్ని దుప్పట్లు వద్దన్నా అది చెరగదు. కాబట్టి వెళ్లేదే ఒకసారి అయినప్పుడు వంద కిలోమీటర్లు కాక మొత్తం దారి నడవండి, తిరుగు ప్రయాణానికి ఇంకో చిన్న విమానం జోడించకండి. శాంటియాగో నుంచి వీగోకు రైళ్లున్నాయి. అక్కడి గిషార్ స్టేషన్ నుంచి పోర్టోకు సెల్టా అనే రైలు రోజుకు రెండుసార్లు వెళ్తుంది, రెండున్నర గంటల లోపే. శాంటియాగో రైళ్లు కొన్ని వీగోలో ఉర్సాయిస్ అనే వేరే స్టేషన్లో దింపుతాయి. గిషార్‌కు పదిహేను ఇరవై నిమిషాల నడక. రెండు రైళ్ల మధ్య కనీసం గంట వ్యవధి ఉంచుకోండి.