బ్లెన్‌హైమ్ ప్యాలెస్ విన్‌స్టన్ చర్చిల్‌దేనా?

కాదు, ఇంగ్లండ్‌లోని ఆ ఎస్టేట్ భవనంలో ఆయన 1874లో పుట్టారు గానీ, అది ఎన్నడూ ఆయన ఆస్తి కాలేదు. అక్కడ డ్యూక్ బిరుదు, దాంతోపాటు ఎస్టేటూ పెద్దకొడుకు వరసకే వెళ్లేవి. చర్చిల్ తండ్రి రాండాల్ఫ్ ఏడో మార్ల్‌బరో డ్యూక్‌కు చిన్నకొడుకు. అయినా దాదాపు చేతికందినంత పనయింది: 1895లో తండ్రి పోయాక, పెదనాన్న కొడుకైన తొమ్మిదో డ్యూక్‌కు తర్వాతి వారసుడు విన్‌స్టనే. 1897లో ఆ డ్యూక్‌కు కొడుకు పుట్టడంతో ఆ అవకాశం పోయింది.

రెండో ప్రపంచయుద్ధంలో గెలిపించినందుకు దేశం ఆయనకిచ్చిన కానుక ఇదని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ కానుక అందుకున్నది పూర్వీకుడు జాన్ చర్చిల్. 1704 ఆగస్టు 13న బ్లెన్‌హైమ్ యుద్ధంలో ఫ్రెంచి సేనను ఓడించినందుకు ఆన్ రాణి ఆయనకు ఈ ప్యాలెస్ ఉన్న వుడ్‌స్టాక్ భూములిచ్చింది. వాటికి కౌలు డబ్బు కాదు, ఏటా విండ్సర్ కోటకు చేర్చాల్సిన ఒక ఫ్రెంచి రాజపతాకం!