డాక్టర్ సలహా: షుగర్ పెరిగిందని మాత్ర డోసు మీరే పెంచేశారా?

ప్రశ్న: నా వయసు 54. బట్టల కొట్టు ఉంది. ఎనిమిదేళ్లుగా షుగర్. గ్లిమెపిరైడ్ 1 ఎంజీ, మెట్‌ఫార్మిన్ 500 ఎంజీ కలిసిన మాత్ర పొద్దున, రాత్రి వేసుకునేవాణ్ని. నాలుగు నెలల క్రితం పరగడుపున 170 వచ్చింది. మా బావమరిది 2 ఎంజీ మాత్ర వాడుతుంటే బాగుందని చెప్పాడు. అప్పటి నుంచి నేనూ రెండు పూటలా అదే వేసుకుంటున్నాను. సిరిధాన్యాలు కూడా మొదలుపెట్టాను. పొద్దున రాగి జావ, రెండు పూటలా కొర్రన్నం. 5 కిలోలు తగ్గాను. అయినా మొన్న పరగడుపున 192, తిన్నాక 286, హెచ్‌బీఏ1సీ 9.2 వచ్చాయి. మోకాళ్ల నొప్పులకు మా వీధి ఆర్‌ఎంపీ దగ్గర రెండుసార్లు ఇంజెక్షన్ చేయించుకున్నాను, నొప్పి మాత్రలు వాడుతున్నాను. ఈ మధ్య తెల్లవారుజామున 3 గంటలకు చెమటలు పట్టి, ఆకలితో మెలకువ వస్తోంది. గ్యాస్ అనుకుని నాలుగు బిస్కెట్లు తిని పడుకుంటున్నాను. ఇప్పుడు మాత్రను 3 ఎంజీకి పెంచమంటారా? ఏ సిరిధాన్యం తింటే మాత్రలు మానేయొచ్చు? ఇన్సులిన్ మాత్రం వద్దు.
– పేరు రాయవద్దన్న పాఠకుడు, ఏలూరు

సలహా: మీ ఉత్తరంలో మీరు చివర్లో తేలిగ్గా రాసిన విషయమే నన్ను ఎక్కువ కంగారు పెట్టింది. తెల్లవారుజామున చెమటలు, ఆకలి. షుగర్ మాత్రలు వాడేవారికి ఇలా జరిగితే, కాదని తేలేదాకా షుగర్ పడిపోతోందనే మేం అనుకుంటాం. గ్యాస్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. 3 ఎంజీ మాట దయచేసి పక్కన పెట్టండి.

గ్లిమెపిరైడ్ క్లోమాన్ని తట్టి లేపి ఇన్సులిన్ బయటికి తెప్పించే మందు. మీరు తిన్నారా, పస్తున్నారా అనేది దానికి తెలియదు. మీరు రాత్రి 9 గంటలకు భోంచేసి 2 ఎంజీ వేసుకున్నారనుకోండి. ఆ తర్వాత పొద్దున దాకా కడుపులోకి ఏమీ వెళ్లదు, మందు మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. 3 గంటలకు షుగర్ 70 కిందికి జారితే శరీరం గాబరాపడి చెమటలు, దడ, వణుకు, విపరీతమైన ఆకలి పుట్టిస్తుంది. అప్పుడు మీరు బిస్కెట్లు తింటున్నారు. మూడు నాలుగు గంటల తర్వాత రక్తం ఇచ్చి, దాన్ని పరగడుపు షుగర్ అంటున్నారు. అర్ధరాత్రి దాటాక తిన్న మనిషికి అది పరగడుపు ఎలా అవుతుంది? ఆ 192 చూసి మళ్లీ డోసు పెంచుదామనుకుంటున్నారు. పెంచితే రాత్రి ఇంకా కిందికి పడిపోతుంది, ఇంకో రెండు బిస్కెట్లు ఎక్కువ తింటారు, పొద్దున అంకె ఇంకా పెరుగుతుంది.

హెచ్‌బీఏ1సీ 9.2 ఉంది కదా, షుగర్ పడిపోవడం ఎలా సాధ్యమని అడగవచ్చు. అది దాదాపు మూడు నెలల సగటు. 9.2 అంటే సగటున 217 దగ్గర ఉన్నట్లు. అందులో 286లూ కలుస్తాయి, 60లూ కలుస్తాయి. సగటు చూస్తే పడిపోయిన రాత్రులు కనిపించవు.

అందుకే ఈ రెండు మూడు రాత్రులు ఒక పని చేయండి. ఇంట్లో గ్లూకోమీటర్ లేకపోతే కొనండి. 3 గంటలకు మెలకువ రాగానే వేలి మీద పొడిచి చూడండి. 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగండి, లేదా గ్లూకోజ్ పొడి తీసుకోండి. పావుగంట ఆగి మళ్లీ చూడండి. 70 దాటాక ఏదైనా కొంచెం తినండి. బిస్కెట్లలో నూనె, పిండి ఉంటాయి కాబట్టి షుగర్‌ను త్వరగా లేపలేవు. మీటర్ చేతికి అందకపోయినా చెమటలు పడుతుంటే ముందు పంచదార తాగేయండి. ఇది మీ ఇంట్లోవాళ్లకు కూడా చెప్పి ఉంచండి. మీరు పిలిచినా పలకని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి.

మరో మాట. మీటర్‌లో షుగర్ 110, 120 ఉండి కూడా చెమటలు పడుతుంటే గుండె గురించి ఆలోచించాలి. ఎనిమిదేళ్ల షుగర్ ఉన్నవారికి గుండెపోటు ఛాతీ నొప్పి లేకుండానే రావచ్చు. వట్టి చెమట, ఆయాసం, పొట్ట పైభాగంలో బరువు, ఇంతే ఉంటుంది. దాన్నే చాలామంది గ్యాస్ అంటారు. మీ వయసులో ఈ లక్షణాలతో ఉన్న మనిషికి ఈసీజీ తీయకుండా గ్యాస్ మాత్ర ఇవ్వడం నాకు ఎప్పుడూ ఇష్టం ఉండదు. మీరూ ఈ వారంలోనే తీయించుకోండి. ఛాతీలో గానీ దవడలో గానీ బరువుగా అనిపించినా, ఆయాసం వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఇప్పుడు బావమరిది మాత్ర సంగతి. కోప్పడుతున్నానని అనుకోకండి. ఓపీలో వారానికి ఒక్కరైనా ఇలా వస్తారు కాబట్టి చెబుతున్నాను. ఆయన బరువు వేరు, కిడ్నీలు వేరు, తిండి వేళలు వేరు. ఆయనకు 2 ఎంజీ సరిపోయిందంటే అది ఆయన ఒంటికి సరిపోయింది. మా దగ్గరికి ఒకసారి అరవై దాటిన ఒకావిడను తెల్లవారుజామున మోసుకొచ్చారు. షుగర్ 38. పక్కింటివాళ్ల మందుల చీటీ చూసి మెడికల్ షాపులో అదే మాత్ర కొనుక్కుని నెల రోజులుగా వాడుతున్నారు. కిడ్నీలు దెబ్బతిన్నాయని ఆవిడకు తెలియదు, ఇంట్లోవాళ్లకూ తెలియదు. కిడ్నీ బలహీనంగా ఉంటే ఈ రకం మందు ఒంట్లోంచి త్వరగా బయటికి పోదు. గ్లూకోజ్ ఎక్కించగానే కళ్లు తెరిచారు. రెండు గంటల్లో షుగర్ మళ్లీ పడిపోయింది. రెండు రోజులు సెలైన్ ఆపలేకపోయాం. ఆవిడ కోలుకుని ఇంటికి వెళ్లారు. అలా వచ్చినవాళ్లందరూ వెళ్లలేదు.

మీరు వాడుతున్న నొప్పి మాత్రలు చూసి నాకు ఆవిడే గుర్తొచ్చారు. డైక్లోఫినాక్ లాంటివి నెలల తరబడి వేసుకుంటే కిడ్నీల మీద భారం పడుతుంది. మీ ఉత్తరంలో షుగర్ అంకెలన్నీ ఉన్నాయి గానీ, కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష క్రియాటినిన్ ఎక్కడా లేదు. చివరిసారి ఎప్పుడు చేయించుకున్నారు? గ్లిమెపిరైడ్ మాటేమో గానీ, మెట్‌ఫార్మిన్ ఎంత ఇవ్వాలన్నా, అసలు ఇవ్వవచ్చో లేదో తేల్చాలన్నా కిడ్నీ పనితీరు తెలియాలి. ఈజీఎఫ్ఆర్ అని రిపోర్టులో ఒక అంకె ఉంటుంది. అది 30 కిందికి వస్తే మెట్‌ఫార్మిన్ ఆపేస్తాం.

మోకాలికి చేసిన ఇంజెక్షన్ ఏమిటో మీరు రాయలేదు. బహుశా మీకు చెప్పి ఉండరు. ఒక్క ఇంజెక్షన్‌తో నొప్పి ఇట్టే తగ్గిందంటే అందులో స్టెరాయిడ్ ఉండే అవకాశం ఉంది. స్టెరాయిడ్ కొన్ని రోజుల నుంచి రెండు వారాల దాకా షుగర్‌ను పెంచుతుంది. అది తెలియక పెరిగిన అంకెకు మాత్ర పెంచితే, స్టెరాయిడ్ ప్రభావం పోయాక ఆ పెంచిన మాత్రే షుగర్‌ను పడేస్తుంది. ఇంజెక్షన్ చేసినాయన దగ్గరికి వెళ్లి పేరు రాయించుకోండి. నొప్పులకు పొడులు, కషాయాలు వాడుతుంటే అవీ చెప్పండి. అలాంటి కొన్నింటిలో స్టెరాయిడ్లు, షుగర్ మాత్రల మందులు కలిపినట్లు పరీక్షల్లో బయటపడిన సందర్భాలు ఉన్నాయి.

5 కిలోలు తగ్గినందుకు మీరు సంతోషంగా ఉన్నట్లున్నారు. నేను అప్పుడే సంతోషించలేను. తినే తిండి తగ్గించి, నడిచి, షుగర్ కూడా దిగుతూ తగ్గితే అది మంచి తగ్గుదల. షుగర్ 286 ఉండగా బరువు పడిపోతోందంటే తిన్న చక్కెర మూత్రంలో పోతోందని, ఒంట్లో ఇన్సులిన్ చాలడం లేదని అనుమానించాలి. దాహం, మాటిమాటికీ మూత్రం ఉన్నాయా? రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం ఉంటే కళ్లె పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే తప్పనిసరి. షుగర్ ఉన్నవారికి టీబీ వచ్చే ముప్పు మిగతావారికన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ. కొత్తగా ఆకలి మందగించినా, పొట్టలో నొప్పి వీపులోకి పాకుతున్నా క్లోమాన్ని స్కాన్‌లో చూడాలి.

ఇక మందులు. మిమ్మల్ని చూడకుండా, రిపోర్టులు లేకుండా డోసు రాయడం సరికాదు, రాయను. మీ డాక్టరుతో ఏం మాట్లాడాలో మాత్రం చెబుతాను. మీరిప్పుడు రోజుకు 4 ఎంజీ గ్లిమెపిరైడ్ వేసుకుంటున్నారు. అంతకు మించి పెంచితే లాభం పెద్దగా ఉండదు, ప్రమాదం మాత్రం పెరుగుతుంది. మెట్‌ఫార్మిన్ రోజుకు 1000 ఎంజీయే వెళ్తోంది. కిడ్నీలు బాగుంటే, కడుపు తట్టుకుంటే దాన్ని 2000 దాకా మెల్లగా పెంచే వీలుంటుంది, ఒంటరిగా అది షుగర్‌ను పడేయదు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడుతున్నారు కాబట్టి రక్తంలో బి12 విటమిన్ కూడా చూడమనండి. షుగర్‌ను పడేసే ప్రమాదం తక్కువున్న సిటాగ్లిప్టిన్, డపాగ్లిఫ్లోజిన్ లాంటి మందులు ఇప్పుడు చాలా చౌకయ్యాయి. డపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ గడువు మన దేశంలో 2023 నాటికి ముగిసింది. అయితే బరువు ఇలా కారణం తెలియకుండా తగ్గుతున్నప్పుడు దాన్ని తొందరపడి మొదలుపెట్టకూడదు. ఇది డాక్టరు తేల్చాల్సిన విషయం. బావమరిది చీటీలో ఉందని కొనకండి.

మరి ఇవాళ రాత్రి ఏం చేయాలి? మీకు మొదట మందు రాసిన డాక్టరుకు ఇప్పుడే ఫోన్ చేసి, డోసు మీరే పెంచారని, రాత్రుళ్లు చెమటలు పడుతున్నాయని దాచకుండా చెప్పండి. ఆయన దొరక్కపోతే సొంతంగా పెంచిన డోసు కొనసాగించకుండా, ఆయన రాసిన పాత 1 ఎంజీ మాత్రకే వెళ్లండి. మాత్రలన్నీ ఒక్కసారిగా మానేయకండి, అదీ ప్రమాదమే. రెండు మూడు రోజుల్లో స్వయంగా వెళ్లి చూపించుకోండి. షుగర్ 300 దాటి వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే ఆ రెండు రోజులు కూడా ఆగవద్దు.

ఇన్సులిన్ వద్దన్నారు. కొందరికి కొన్ని వారాలు ఇన్సులిన్ ఇచ్చి, షుగర్ అదుపులోకి వచ్చాక మళ్లీ మాత్రల మీదికి తెస్తాం. ఒకసారి మొదలుపెడితే జన్మంతా వదలదన్న భయంతో ఏడాది, రెండేళ్లు వాయిదా వేసి, చివరికి కాలి పుండుతో వచ్చేవాళ్లను చూస్తే బాధేస్తుంది. బ్రిటన్‌లో 1977లో మొదలై 1998లో ఫలితాలు వెలువడిన యూకేపీడీఎస్ అధ్యయనంలో హెచ్‌బీఏ1సీ ఒక్క శాతం తక్కువగా ఉంటే కళ్లు, కిడ్నీల సమస్యలు 37 శాతం తక్కువగా కనిపించాయి. మీరు 9.2లో ఉన్నారు. మీ వయసువారికి సాధారణంగా 7 దగ్గరికి తేవాలని చూస్తాం, అదీ షుగర్ పడిపోకుండా.

సిరిధాన్యాల గురించి అడిగారు. కొర్రలు మంచివే, అందులో పీచు ఉంటుంది. కానీ వాటిలోనూ ఉన్నది పిండి పదార్థమే. 100 గ్రాముల బియ్యంలో అది 78 గ్రాముల దాకా ఉంటే రాగులు, కొర్రల్లో 60 నుంచి 67. ఆ కొంచెం తేడాను చూసుకుని, మంచిదే కదా అని రెండు పూటలా కంచం నిండా తింటే షుగర్ ఎందుకు తగ్గుతుంది? ఇక రాగి జావ అంటే మెత్తని పిండిని బాగా ఉడికించి తాగడం. నమలాల్సిన పని లేదు, చకచకా అరిగి షుగర్‌ను పైకి తీసుకెళ్తుంది. పొద్దున జావ బదులు పెసరట్టు తినండి, ఉల్లిపాయ దండిగా వేసుకోండి, చట్నీ కొంచెమే. మధ్యాహ్నం కంచంలో సగం కూర, పావు వంతు పప్పు, గుడ్డు లేదా చేప, మిగిలిన పావులో అన్నమో కొర్రలో మీ ఇష్టం. ముందు కూర, పప్పు తిని తర్వాత అన్నానికి రండి. ఏ ధాన్యం తిన్నా మీ మాత్రలను మీరే మానేసే పరిస్థితి ఇప్పుడు లేదు.

కొట్లో రోజంతా కూర్చుంటారు కదా. తెల్లవారుజామున గంట నడవాలన్న పట్టుదల కన్నా భోజనం చేసిన ప్రతిసారీ పది, పదిహేను నిమిషాలు నడవండి. తిన్నాక పెరిగే షుగర్ మీద అది బాగా పనిచేస్తుంది, మీ మోకాళ్లు కూడా ఓర్చుకుంటాయి. ఈసీజీ ఫలితం చూశాకే మొదలుపెట్టండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు రాత్రి 3 గంటలకు చూసిన అంకెలు, మాత్రల ఖాళీ షీట్లు, ఇంజెక్షన్ పేరు అన్నీ పట్టుకెళ్లండి. క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్, కంటి రెటీనా, అరికాళ్ల స్పర్శ పరీక్షలు అడిగి చేయించుకోండి. ఖర్చు గురించి ఆలోచిస్తుంటే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో షుగర్ పరీక్షలు, సాధారణ మాత్రలు ఉచితంగానే ఇస్తారు. ఆ తర్వాత కూడా సందేహం ఉంటే మళ్లీ రాయండి, ఈసారి క్రియాటినిన్ ఎంతో మొదటి వరుసలోనే రాయండి.