బయోరియాక్టర్ సెల్‌లో మీథేన్ 15 శాతం దాటట్లేదంటే: సమాధానం

మీ బయోరియాక్టర్ సెల్‌లో (చెత్తను మూసిపెట్టి, తడుపుతూ కుళ్లబెట్టి గ్యాస్ తీసే గుంతలో) లీచేట్ (చెత్త నుంచి కారే నీరు) పీహెచ్ 5.6, గ్యాస్‌లో మీథేన్ 15 శాతం, కార్బన్ డయాక్సైడ్ 70 శాతం, రోజూ లీచేట్ తిప్పి పోస్తున్నా మార్పు లేదన్నారు. మీ సెల్ పులిసిపోయింది. తిప్పడం తక్కువై కాదు, ఎక్కువై. మన చెత్తలో కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నమే ఎక్కువ కాబట్టి ఆమ్లాలు త్వరగా తయారవుతాయి. పీహెచ్ 6.5 కన్నా తగ్గితే మీథేన్ సూక్ష్మజీవులు మందగిస్తాయి. మీరేమో ఆ ఆమ్లాన్నే మళ్లీ పైన పోస్తున్నారు.

ముందు ఒక వారం లీచేట్ పోయడం ఆపండి. తర్వాత బయట ట్యాంకులోనే సోడియం బైకార్బొనేట్ కలిపి, పీహెచ్ 7 దగ్గరికి తెచ్చి, పాత మోతాదులో పావు వంతే పోయండి. ఎంత కలపాలో ఒక లీటరు నమూనాలో తూచి చూసుకుని, ఆ లెక్కన పెంచుకోండి. సున్నం చవకే, కానీ పైపు రంధ్రాల్లో గడ్డకడుతుంది. పైగా అది కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చేస్తే మూసిన సెల్‌లో పీడనం పడిపోయి గాలి చొరబడుతుంది.

మీథేన్ సూక్ష్మజీవులు అందడానికి, పోసే ద్రవంలో పదో వంతు, నడుస్తున్న గోబర్ గ్యాస్ ప్లాంటు స్లర్రీ కలపండి. పచ్చి పేడ కన్నా ఇదే మేలు. జల్లెడ పట్టకపోతే మాత్రం పైపులు పూడుకుపోతాయి.

ఒక్క పీహెచ్‌నే నమ్మొద్దు. వోలటైల్ ఆమ్లాలకీ (చెత్త పులిస్తే పుట్టేవి) ఆల్కలినిటీకీ (ఆమ్లాన్ని తట్టుకునే శక్తి) నిష్పత్తి 0.4 లోపుకి దిగాకే మోతాదు పెంచండి.

ఇంకో మాట. మీ గ్యాస్ లెక్కలో మిగిలిన 15 శాతం ఏమిటి? అందులో నైట్రోజన్ ఎక్కువుంటే ఎక్కడో గాలి లాగుతోందన్నమాట. గ్యాస్ పంపు ఆపి, లోపల పీడనం కొంచెం పెరిగాక, కవర్ అంచులకీ శాంప్లింగ్ వాల్వుకీ సబ్బునీళ్లు రాసి చూడండి.