ఓట్లడగబోతున్న మేనకోడలికి

వుల్వర్‌హాంప్టన్, ఇంగ్లండ్

చిట్టీ,

నువ్వు మీ ఊరి కౌన్సిల్ ఎన్నికల్లో నిలబడుతున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. వాడి గొంతులో సగం గర్వం, సగం నా మీద కోపం. నీకీ పిచ్చి నా దగ్గర్నుంచే అంటుకుందని వాడి నమ్మకం. ఏ పార్టీ తరఫునో కూడా చెప్పాడు. దాని మీద నేనేమీ అనను. మిల్టన్ కీన్స్‌లో నాకు ఓటు లేదు కాబట్టి మన ఇద్దరికీ ఆ ఇబ్బంది తప్పింది.

సంతోషమే తల్లీ. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం. వాట్సాప్‌లో పెడితే చదివినట్టు బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటావు.

కాగితాల పని సులువే. నామినేషన్ మీద ఇద్దరి సంతకాలు చాలు, కౌన్సిలర్‌కి డిపాజిట్ లేదు, ఖర్చుల రసీదులన్నీ ఒక కవర్లో దాచు. ఒక్క ఫారం సంగతి మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఇంటి అడ్రసు బయటపెట్టొద్దని అడిగే వీలుంది, అప్పుడు బ్యాలెట్ పేపర్ మీద ప్రాంతం పేరు మాత్రమే వేస్తారు. అది తప్పకుండా అడుగు. "అత్తా, నేను కౌన్సిలర్‌ని, ఎంపీని కాదు" అంటావని తెలుసు. 2016 జూన్‌లో జో కాక్స్‌ని లైబ్రరీ బయట చంపారు. 2021 అక్టోబర్‌లో డేవిడ్ ఏమెస్‌ని చర్చిలో చంపారు. ఇద్దరూ ఊరివాళ్ళ మొర వినడానికని వెళ్ళినవాళ్ళే. నాకు ఈ వయసులో అవే గుర్తుంటాయి, ఏం చేయను. ఒంటరిగా ఏ తలుపూ తట్టకు. ఎవరైనా లోపలికి రమ్మంటే గడప దగ్గరే నిలబడి మాట్లాడు. అల్లుణ్ణి వెంట తీసుకెళ్ళు, లీఫ్‌లెట్లు మోయడానికైనా పనికొస్తాడు.

2024 ఆగస్టు నీకు గుర్తుండే ఉంటుంది. సౌత్‌పోర్ట్‌లో ముగ్గురు చిన్నపిల్లల్ని పొడిచి చంపిన తర్వాత, అబద్ధపు వార్తలు పట్టుకుని జనం మసీదుల మీదికీ, శరణార్థులున్న హోటళ్ళ మీదికీ వెళ్ళారు. ఆ వారం నేను సాయంత్రం నడకకు వెళ్ళలేదు. ఎదురింటి ఆవిడ, నాకంటే రెండేళ్ళు పెద్దది, తనే వచ్చి "పాలూ బ్రెడ్డూ నేను తెచ్చిపెడతాను, నువ్వు బయటికి రాకు" అంది. తర్వాతి ఏడాది ఎండాకాలంలో దీపస్తంభాలకు ఇంగ్లండ్ జెండాలు కట్టే ఉద్యమం మొదలైంది చూడు, అప్పుడు ఆవిడ కిటికీకీ జెండా వేలాడింది. నాకు చివుక్కుమంది. అడిగాను కూడా. "మా తమ్ముడు ఈ జెండా కింద సైన్యంలో పనిచేశాడు, రౌడీలకు వదిలెయ్యమంటావా?" అంది. ఆ కిటికీ అటూ ఇటూ ఉన్న జెండాలన్నీ అదే ఉద్దేశంతో కట్టారని నేను నమ్మను. కానీ ఆవిడ కిటికీని ఇప్పుడు మామూలుగా చూడగలను. అడిగాను కాబట్టి.

మీ మావయ్య కూడా ఓసారి కౌన్సిల్‌కి నిలబడ్డాడు, తెలుసా? నువ్వప్పటికి పుట్టలేదు. ఎనభైల్లో సంగతి. ఫ్యాక్టరీలో ఇంజనీరు, సాయంత్రాలు ఖాళీ, నోరు మంచిది. మనవాళ్ళ సంఘం పెద్దలు నలుగురైదుగురు ఇంటికొచ్చి, నేను చేసిన పకోడీలు తిని, "మనవాళ్ళ ఓట్లన్నీ మీవే డాక్టరమ్మా, ఆ లెక్క మాకు వదిలెయ్యండి" అన్నారు. నా భర్తతో చెప్పాల్సింది నాతో చెప్పారంటేనే అనుమానం రావాల్సింది. ఆయనకి రాలేదు. పంజాబీలూ గుజరాతీలూ ఉండే వరస ఇళ్ళ వీధులే తిరిగాడు. ఒక్కో ఇంట్లో గంట. టీ, లడ్డూ, వాళ్ళబ్బాయి ఓ లెవెల్ మార్కులు, ఇండియాలో పొలం తగాదా. వారమంతా తిరిగి మూడు వీధులు కూడా దాటలేదు. బరువు మాత్రం పెరిగాడు.

అదే వార్డులో కౌన్సిల్ అద్దెకిచ్చే ఎత్తయిన ఫ్లాట్ల బ్లాకులున్నాయి. అక్కడికి వెళ్ళలేదు. లిఫ్టులో కంపు, గోడల మీద మనలాంటివాళ్ళని వెళ్ళగొట్టాలనే నేషనల్ ఫ్రంట్ పార్టీ స్టిక్కర్లు. ఒక్కసారి వెళ్ళి, కింద గుమ్మం దగ్గర లీఫ్‌లెట్ల కట్ట పెట్టి వచ్చేశాడు. "వాళ్ళు మనకి వేసేవాళ్ళు కాదులే" అన్నాడు. భయమేసిందని అంటే నేను అర్థం చేసుకునేదాన్ని. భయమని ఒప్పుకోకుండా దాన్ని లెక్కగా మార్చాడు, అదీ ఆయన చేసిన తప్పు.

కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయాడు. సంఘం పెద్దల్లో ఇద్దరు అవతలివాడికి వేశారని తర్వాత తెలిసింది. అది పెద్ద వింతేం కాదు, మన ఊళ్ళో పంచాయతీ ఎన్నికలు చూసి పెరిగినదాన్ని. నన్ను కలచింది వేరు. తర్వాతి వారం నా క్లినిక్‌లో, కాలి పుండుకి కట్టు కట్టించుకోడానికి ఆ బ్లాకుల్లో ఉండే ముసలావిడ వచ్చింది. ఇనాక్ పావెల్ అంటే ఆవిడకి భక్తి. నేను 1973లో ఈ ఊళ్ళో దిగినప్పుడు ఆయనే ఇక్కడి ఎంపీల్లో ఒకడు, 1968లో వలసవాళ్ళకి వ్యతిరేకంగా ఆ ప్రసంగం చేసిన మనిషే. పావెల్ మాటలన్నీ నిజమని నా ముందే అనేది, ఆ వెంటనే "నీలాంటివాళ్ళ గురించి కాదు డాక్టర్" అని నా చెయ్యి తట్టేది. ఆ రోజు కట్టు విప్పుతుంటే, "మీ ఆయన ఫొటో కాగితం మీద చూశాను. మొహం మంచిదే. కానీ నా తలుపు తట్టలేదు. ఆ ఇంకో ఆయన, లిఫ్టు చెడిపోతే మెట్లెక్కి వచ్చాడు. నా పడగ్గది గోడ చెమ్మ చూసి పుస్తకంలో రాసుకున్నాడు" అంది.

ఇంటికెళ్ళి చెప్పాను. మీ మావయ్య కంచం ముందు కూర్చుని చాలాసేపు ఏమీ తినలేదు. చివరికి, "నేను వెళ్ళినా వేసేది కాదు" అన్నాడు.

"కాకపోవచ్చు. వెళ్ళలేదు కదా" అన్నాను.

ఆ తర్వాత మళ్ళీ నిలబడలేదు, కానీ ఆ బ్లాకుల పక్కనున్న స్కూలు పాలకమండలిలో గవర్నర్‌గా చేరాడు. ఆ లిఫ్టు ఎన్నిసార్లు ఎక్కాడో లెక్కలేదు. అక్కడి పిల్లల తండ్రులు చాలామంది ఆయన అంత్యక్రియలకు నల్ల టైలు కట్టుకుని వచ్చారు. సంఘం పెద్దలు రాలేదు. సరే, అది వేరే కథ.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మీ ఊరి తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో నీకు అప్పుడే అభినందనలు మొదలయ్యుంటాయి. "మనమంతా నీ వెనకే చెల్లెమ్మా." నమ్మకు. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు, వాళ్ళలో సగం మందికి తమకు ఓటుందనే తెలీదు. ఇండియా పాస్‌పోర్టుతో వర్క్ వీసా మీదున్నవాడికీ, స్టూడెంట్ వీసా మీదున్న పిల్లకీ ఇక్కడ ఓటు హక్కుంది, కామన్వెల్త్ దేశస్తులు కాబట్టి. సిటిజన్‌షిప్ వచ్చాకే అనుకుంటారు. పోలింగ్‌కి పన్నెండు పనిదినాల ముందు వరకే నమోదు, ఆ తర్వాత ఎంత ఏడ్చినా లాభం లేదు. కాబట్టి వాళ్ళ తలుపులూ తట్టు, కానీ అక్కడ టీ తాగి కూర్చోకు. గుర్తింపు కార్డు సంగతి కూడా చెప్పు. 2023 నుంచి అది లేకుండా ఓటు వేయనివ్వడం లేదు. నా ముసలివాళ్ళ బస్ పాస్ చెల్లుతుంది, కాలేజీ పిల్లల రైల్‌కార్డు చెల్లదు. ఈ నియమం రాసినవాళ్ళకి ఎవరి ఓట్లు కావాలో నీకే అర్థమవుతుంది.

తలుపు తీసినవాళ్ళు ఏం చెబుతారో నేనే చెబుతా విను. బిన్లు ఎత్తలేదని, రోడ్డు మీద గుంతలని, ఆ రెడ్‌వేల మీద, అదే మీ ఊరి ఎర్ర నడకదారుల మీద, దీపాలు వెలగడం లేదని, పొద్దున ఎనిమిదింటికి ఫోన్ పట్టుకుంటే జీపీ, అదే ఇంటి డాక్టరు, లైను దొరకదని. చివరిది కౌన్సిల్ పని కాదు, అయినా విను. నేను డాక్టర్‌ని కాబట్టి ఆ మాట పడాల్సిందే. మా రోజుల్లో అర్ధరాత్రి ఇంటికెళ్ళి చూసేవాళ్ళం. 2004 కాంట్రాక్టుతో చాలామంది జీపీలు రాత్రి పని వదిలేశారు. నిద్ర దక్కింది, రోగి మాత్రం మా చేతులోంచి జారాడు. ఇవాళ్టి కుర్రడాక్టర్లను తిట్టను, వాళ్ళ మీద పడే పని వేరు.

కౌన్సిల్ డబ్బెక్కడికి పోతోందని అడుగుతారు. నిజం చెప్పు. ముసలివాళ్ళ సంరక్షణకీ, ఆపదలో ఉన్న పిల్లలకీ, ప్రత్యేక అవసరాల చదువులకీ పోగా మిగిలిందే గుంతలకి. మా పక్కనే బర్మింగ్‌హామ్ కౌన్సిల్ 2023 సెప్టెంబర్‌లో డబ్బు లేదని చేతులెత్తేసింది. 2025లో చెత్త ఎత్తేవాళ్ళు సమ్మె చేస్తే వీధుల్లో నల్ల సంచుల గుట్టలు, వాటి మీద పిల్లులంత ఎలుకలు. "అన్నీ బాగుచేయిస్తా" అని మాత్రం ఎక్కడా అనకు. ఒక్క గుంత పూడ్పించి, ఫొటో తీసి, ఆ ఇంటికే మళ్ళీ వెళ్ళి చూపించు.

తర్వాత సముద్రం దాటి చిన్న పడవల్లో వచ్చే వలసవాళ్ళ సంగతి వస్తుంది. మెల్లగా వస్తుంది, నీ మొహం చూసి కాస్త తడబడి వస్తుంది. అప్పుడు నీ తల జాగ్రత్త. వింటున్నానన్నట్టు తల ఊపే అలవాటు మన ఇంటివాళ్ళందరికీ ఉంది, ఇక్కడ దాన్ని ఒప్పుకున్నట్టు లెక్కేస్తారు. వాదించనక్కర్లేదు, ఒప్పుకోనూ అక్కర్లేదు. "నేనూ బయటినుంచి వచ్చినదాన్నే, మీ వీధిలో ఏం కావాలో చెప్పండి" అను. కొందరు తలుపు వేసేస్తారు. వేసుకోనీ.

ఇంకా కష్టమైనది మనవాళ్ళ నోటినుంచే వింటావు. 2016లో యూరప్ నుంచి బయటికొస్తే మనవాళ్ళకి వీసాలు పెరుగుతాయని బ్రెగ్జిట్‌కి ఓటేసిన ఇండియన్లు నాకు తెలుసు. మా ఇంట్లోనే ఉప్మా తింటూ వాదించారు. పెరిగాయి, నిజమే. వలసలు ఏడాదికి నికరంగా 9 లక్షలు దాటాయి, దేశం బెదిరింది. 2024 జనవరి నుంచి మాస్టర్స్ పిల్లలు చాలామందికి భార్యనో భర్తనో తెచ్చుకునే వీలు పోయింది. 2025 జూలైలో ముసలివాళ్ళనీ రోగుల్నీ చూసుకునే కేర్ వర్కర్లకు బయటినుంచి వచ్చే దారి మూసేశారు. ఇప్పుడు ఆ ఉప్మా తిన్నవాళ్ళే, "ఈ కొత్తగా వచ్చేవాళ్ళ వల్లే మన పరువు పోతోంది" అంటున్నారు. నేనొచ్చినప్పుడు నా గురించి అన్నదీ అదే. 1975లో మన మెడికల్ డిగ్రీలకు గుర్తింపు తీసేస్తే, అంతకుముందే వచ్చిన మాలో కొందరు లోలోపల సంతోషించారు కూడా. మనుషులు అంతే. ఈ విషయంలో మాత్రం తడబడకు, కేర్ హోమ్‌లో రాత్రి డ్యూటీ చేసే అమ్మాయి పక్కనే నిలబడు. రేపు నన్ను లేపి కూర్చోబెట్టేది ఆ అమ్మాయే.

పెన్షనర్ల తలుపుల దగ్గర ఓపిక పట్టు. చలికాలం గ్యాస్ ఖర్చుకిచ్చే 200, 300 పౌండ్లు 2024లో చాలామందికి ఆపేశారు, గోల లేచాక మరుసటి ఏడాది మళ్ళీ చాలామందికి ఇచ్చారు. నాకవి అక్కర్లేదు, నా పెన్షన్ బాగానే ఉంది. ప్రభుత్వమిచ్చే పెన్షన్‌ని ట్రిపుల్ లాక్ పేరుతో, ధరలో జీతాలో రెండున్నర శాతమో ఏది ఎక్కువైతే అంత, ఏటా పెంచుతున్నారు, నీ వయసువాళ్ళేమో అద్దెలకే జీతం పోస్తున్నారు. ఇది న్యాయం కాదని నా తోటి ముసలివాళ్ళ దగ్గరంటే కొడతారు. కానీ ఎదురింటావిడ ఆ చలికాలం వంటింట్లో కోటు వేసుకుని కూర్చుంది. తలుపు రంగు చూసి లోపల హీటర్ వెలుగుతోందో లేదో చెప్పలేవు.

మిగతావి గబగబా. ఎవరైనా అవ్వ ప్రేమగా పోస్టల్ ఓటు కవరిచ్చి "నువ్వే వేసెయ్ తల్లీ" అంటే ముట్టుకోకు, పార్టీ ప్రచారకులు ముట్టుకోవడం ఇప్పుడు నేరం. ఓటు కోసం తిండి పెట్టడమూ నేరమే, కాబట్టి మీ ఆయన బిర్యానీ పార్టీ ఆలోచన అక్కడితో ఆపమను. లెటర్‌బాక్సులో వేళ్ళు పెట్టకు, అవతల కుక్కలుంటాయి. చెక్క గరిటెతో తొయ్యి. మంచినీళ్ళు తక్కువ తాగుదామని చూడకు, ఊళ్ళో పబ్లిక్ టాయిలెట్లు మూసేశారని నాకు తెలుసు. ఏ సూపర్‌మార్కెట్లో, ఏ లైబ్రరీలో ఉన్నాయో ముందే చూసి పెట్టుకో. ఇది డాక్టర్ మాట, సిగ్గుపడకు.

పోలింగ్ పొద్దున ఏడు నుంచి రాత్రి పది దాకా. ఏప్రిల్ చివరి వారం నేనొస్తున్నాను. మెట్లెక్కలేను, కానీ ఫోన్లు చేయగలను, కవర్లలో కాగితాలు కుక్కగలను. ఇక్కణ్ణుంచి మిల్టన్ కీన్స్‌కి తిన్నగా వచ్చే రైలేదో అల్లుణ్ణి చూసి పెట్టమను. బర్మింగ్‌హామ్‌లో పెట్టె పట్టుకుని మారడం నా వల్ల కాదు. కింది గదిలో పడక వెయ్యి.

ఆశీస్సులతో,
అత్త